డౌట్లు లేవు సార్

"అవ్వా, నువ్వు యూనివర్సిటీలో చేసినావు కదా. పాఠాలు చెప్పలేదంటావు, మరి ఏం పని చేసినట్టు?"

ఏం పనని చెప్పేది పాపా! ఎవరడిగినా ఇదే తంటా నాకు. ఆడ ఒక ఆఫీసు పెట్టినారులే, పాఠం ఎట్ల చెప్పాలో సార్లకే నేర్పించే ఆఫీసు. కొత్త సార్లకు ట్రైనింగు పెట్టడం, ఒక్కొక్కరికి ఒక పెద్ద సార్ను జత చేయడం, క్లాసు చూసేదానికి ఎవరన్నా వస్తే వాళ్ళకు ఏర్పాట్లు చేయడం, అదీ మా పని. అదంతా పేరుకే. నా సగం రోజు సార్లను వెతుక్కోవడంతోనే సరిపోయేది. ట్రైనింగుకు రమ్మంటే సంతకం పెట్టి టీకి పోతారు. టీ కొట్టు కాడికి పోయి, బడికి పోనని మొండికేసిన పిల్లోళ్ళను తోలుకొచ్చినట్టు తోలుకొని రావాల నేను. అంతంత చదువులు చదివినోళ్ళను! టీ అప్పుడు ఐదు రూపాయలేలే. ఇప్పుడు పది తీసుకుంటా ఉన్నారు, అందులో పాలు యాడున్నాయో.

ఏం చెప్తా ఉన్నా... ఆ, ఇస్మాయిల్ సార్. నీకు తెలియదు. గిద్దలూరాయన, వాళ్ళ నాయనకు బట్టల దుకాణం ఉండేది. ఇల్లు మొత్తానికి పెద్ద చదువు చదివింది ఈయనొక్కడే. జియాలజీ చెప్తాడు, అంటే రాళ్ళు, భూమి లోపల నీళ్ళు, ఆ చదువు. నెమ్మది మనిషి. కానీ ఆయన క్లాసు పక్కనుంచి పోతే సంతలాగా ఉంటది పాపా! మా ఊర్లో బోరు ఎందుకు ఎండింది సార్ అని ఒకడు, నీళ్ళు ఉప్పగా ఎందుకున్నాయి సార్ అని ఇంకొకడు. మన పక్క పిల్లోళ్ళకు నీళ్ళ సంగతి అంటే మామూలు సంగతా? నేను పని లేకపోయినా ఆ వరండాలో నిలబడి వినేదాన్ని.

ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికొకసారి క్లాసు చూసి, బాగుందంటే ఇంకో ఏడాది, లేదంటే ఇంటికి. ఆ ఏడు డీన్ సారు, బయట నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు, ఇద్దరూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నేను కూడా ఒక మూల కూర్చున్నా. ఇంక చూడు! అంత గోల చేసే పిల్లోళ్ళు బెల్లం కొట్టిన రాళ్ళ మాదిరి కూర్చున్నారు. ఒక్కడు నోరు తెరిస్తే ఒట్టు. సార్ అడుగుతాడు, డౌట్లు ఉన్నాయా అని. అందరూ ఒకటే పాట, "లేవు సార్". అర్థమైందా అంటే, "అయింది సార్". పాపం ఆయనకు చెమటలు. డీన్ సారు బయటికొచ్చి ఏమన్నాడో తెలుసా? ఈయన క్లాసులో పిల్లలకు చలనమే లేదమ్మా, వచ్చే వారం ఇంకొకసారి చూస్తాం, అప్పుడూ ఇట్లే ఉంటే కష్టం అన్నాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. నేరుగా క్యాంటీనుకు పోయినా. ఏందిరా మీకు నోళ్ళు పడిపోయినాయా, రోజూ పైకప్పు లేచిపోయేటట్టు అరుస్తారే, ఆయన ఉద్యోగం పోగొట్టేదాకా నిద్రపోరా అని తిట్టినా. సలోమి అని పుల్లలచెరువు పిల్ల ఉండేది, గట్టి పిల్ల. అది లేచి, "అదేందమ్మా అట్లంటావు! బయటోళ్ళ ముందర డౌటు అడిగితే, సార్ సరిగ్గా చెప్పలేదని కాదా? మా సార్ను మేమే తగ్గిస్తామా?" అంది. మిగిలినోళ్ళందరూ అవునవును అని తలకాయలు ఊపుతా ఉన్నారు. పరువు కాపాడినారంట! వాళ్ళ ప్రేమ తగలెయ్య, ఆయన కొంప ముంచుతా ఉన్నారు కదా!

ఒరే, వాళ్ళు చూసేది మీరు అడుగుతారా లేదా అనేరా అని చెప్పినా. నమ్మలే. ఎవరన్నా అట్ల చూస్తారా అమ్మా అన్నారు. సరే, సార్తోనే చెప్పిద్దామని ఆయన కాడికి పోతే, ఆయన ఇంకో మొండిఘటం. "నా పిల్లలకు నేనే ప్రశ్నలు నేర్పించి అడిగిస్తే అది పాఠం కాదు మేడమ్, నాటకం. నేను చెప్పను" అన్నాడు. డీన్ సార్కు చెప్తే, "మేం కళ్ళతో చూసిందే రాస్తాం అమ్మా" అన్నాడు. ముగ్గురూ ముగ్గురే. తల ప్రాణం తోకకు వచ్చింది నాకు.

మళ్ళీ వారం. మళ్ళీ వాళ్ళిద్దరూ వెనక. మళ్ళీ పిల్లోళ్ళు మూగోళ్ళు. సార్ బోర్డు మీద పలకరాయి బొమ్మ గీసి, నీళ్ళు రాయి పగుళ్ళలో ఎట్ల నిలుస్తాయో చెప్తా ఉన్నాడు. ఏమన్నా డౌట్లా అన్నాడు. "లేవు సార్". ఆ బయటి ప్రొఫెసరు పెన్ను తీసినాడు. నాకేమైందో ఏమో పాపా, లేచి నిలబడినా. సార్, నాకొక డౌటు అన్నా.

అందరూ నా పక్కకు తిరిగినారు. మా నాయనకు గవర్నమెంటోళ్ళు ఇచ్చిన రెండెకరాలు ఉండేది సార్, బోరు వేస్తే దుమ్ము లేచింది, గట్టు అవతల చేనులో నీళ్ళు పడినాయి, ఎందుకని అడిగినా. సార్ తడబడినాడు, అయినా చెప్పినాడు. నీళ్ళు భూమంతా ఉండవు మేడమ్, పగులు తగిలితేనే నీళ్ళు అని. నాకు ఎక్కలే. నిజంగానే ఎక్కలేదు. నాకర్థం కాలే సార్, గట్టు ఇవతల పగులు ఎందుకు లేదు అన్నా.

అంతే! సలోమి లేచింది, మొహం ఎర్రగా చేసుకొని. "సార్ పోయిన నెలలోనే చెప్పినాడమ్మా, నువ్వు వినలేదు, అది సార్ తప్పా?" అని పోయి చాక్‌పీసు అందుకొనింది. బొమ్మ గీసి నాకు చెప్తా ఉంటే, యర్రగొండపాలెం పిల్లోడొకడు "అట్ల కాదు, పొర ఏటవాలుగా ఉంటది, సార్ చెప్పింది సరిగ్గా చెప్పు" అని వాడూ లేచినాడు. ఇంకొకడు మా బోరు సంగతి విను అని. సంత మొదలు! వాళ్ళ సార్కు పాఠం రాదని నేనన్నట్టు, అందరూ నా మీదికి వచ్చినారు. ఇస్మాయిల్ సార్ మధ్యలో నిలబడి, నువ్వు చెప్పు, నువ్వు ఆగు అని నవ్వుతా ఉన్నాడు. ఆ ప్రొఫెసరు పెన్ను పక్కన పెట్టి, ముందుకు వంగి వింటా ఉన్నాడు. బెల్లు కొట్టినా ఎవరూ బయటికి పోలే.

సార్‌కు ఇంకో ఏడాది కాంట్రాక్టు ఇచ్చినారులే. నాకు మెమో ఇచ్చినారు! ఆఫీసు మనిషి క్లాసు మధ్యలో ఎందుకు మాట్లాడిందో సంజాయిషీ చెప్పాలంట. పిల్లోళ్ళైతే నన్ను చూస్తే మూతి తిప్పుకొని పోయేది, మా సార్ను అంతమంది ముందర నిలదీసిందని. ఎవరికి చెప్పుకునేది ఈ గోస?

ఆఖరికి సార్ కూడా ఆఫీసుకొచ్చి, "నాకోసం నాటకం ఆడినారు కదా మేడమ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాటకమా! మా నాయన తన ప్రార్థన చాలకనే దేవుడు నీళ్ళు ఇయ్యలేదని, చచ్చిపోయేదాకా అదే దిగులుతో ఉన్నాడు సార్, అది నాటకమా అని అరిచేసినా. సార్ కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. మళ్ళీ మొదటి నుంచి, నిదానంగా చెప్పినాడు. రాయి అట్ల ఉంది మేడమ్, మీ నాయన తప్పేం లేదు అన్నాడు. ఆ మాట వినేదానికి నాయన లేడు. ఏడ్చినా పాపా, ఆఫీసులోనే.

మెమోకు జవాబు రాసిస్తి. డౌటు వచ్చింది, అడిగినా అని. ఇంకేం రాయాల?

నువ్వు కూడా ఆ సార్ మాదిరి లెక్చరరుగా పోతా ఉన్నావు కనిగిరికి. చల్లగా ఉండు తల్లీ. నాకర్థం కాలే అని నీ మొహం మీద అనే పిల్లోళ్ళు నీ క్లాసు నిండా ఉండాల.