పేలని టోపీ

ఏందిరా భరతూ, దేన్నో వేళ్ల నడుమ పట్టుకొని గంట సంది సూసుడే సూసుడు? ఇటు చూపెట్టు. గింతేనా! గోధుమ గింజంత లేదు. రెసిస్టరా? ఆ, రేడియోలల్ల ఉంటుండె ఇసొంటియి. మరి కారుల రేడియో బాగుచేత్తాన్నవా? కాదా? ఓహో. అంటే యాక్సిడెంటుల స్టీరింగు సంచి, గదే ఎయిర్‌బ్యాగు, ఒకసారి పేలిపోయింది, కొత్తది పెడ్తే ఓనరుకు గిట్టదు, గందుకని సంచి జాగల ఈ ముక్కను అతికిత్తే మీటర్ల ఎర్రలైటు ఆరిపోతది. సంచి ఉన్నదని కారు అనుకుంటది, కొనేటోడు గూడ అనుకుంటడు. మంచి ఇగురమే. లేదు లేదు, నేనేమంటలేను. నీ షెడ్డు, నీ గిరాకి. ఎండకు తాళలేక మడికొండ రోడ్డు మీదికెల్లి వచ్చి నీ పాత సీటుల కూసున్న ముసలోణ్ని, నాదేం పోయింది. గని మొన్న నువ్వే గద చెప్పినవ్, ఆ సంచి ఎట్ల లేస్తదో? లోపట ఎంటికంత తీగ, దాని సుట్టు మందు, కరెంటు వస్తే తీగ ఎర్రగై మందు అంటుకుంటది, కన్ను మూసి తెరిచేలోపట సంచి ఉబ్బుతది అని. ఆ దినం సంది నాకు మీ తాతనే యాదికత్తాండు. ఉప్పలయ్య. కూసో, పానా కింద పెట్టు. కూసోకున్నా మంచిదే, ఇనుకుంట పని చేసుకో.

మీ తాతను నువ్వు సూడలే. మీ బాపుకే ఆయన మొఖం సరిగ్గ యాదికుండదు, వాడు చిన్నగున్నప్పుడే పాయె. మా చిలుకక్క పెనిమిటి, నాకు బావ. బందూకుల ఉప్పలయ్య ఏడుంటడంటే వరంగల్ చౌరస్తల ఎవ్వలైనా తొవ్వ చూపెడుదురు. గల్లీల ఇంత డబ్బ దుకాణం, పైన రేకులు. లైసెన్సు బందూకులు బాగుచేసుడు, మందు, గుండ్లు, టోపీలు అమ్ముడు. సన్నగ, పొడుగు మనిషి, ఎప్పుడూ ఒక కన్ను జర మూసుకొనే మాట్లాడుతుండె, నిన్ను గూడ గురి సూత్తాండా అనిపిస్తది. నేనప్పుడు కాజీపేటల రైల్వే గ్యాంగుల ఉంటి. డ్యూటీ దిగంగనే సైకిలేసుకొని ఆడికే పోతుంటి. బీడీ రోడ్డు మీదనే పారేయాలె, చేతులు కడుక్కోవాలె, అప్పుడు గడప తొక్కాలె. అల్లుడచ్చినా అంతే, పోలీసు అమీనచ్చినా అంతే. మా అక్క అంటుండె, "మీ బావకు నాకంటె ఆ టోపీలే ఎక్కువ రాజమౌళీ" అని. నవ్వుకుంటనే అంటుండె అప్పట్ల.

టోపీ అంటే నెత్తికి పెట్టుకునేది గాదురా. రాగిరేకు గిన్నె, నీ అంగి గుండీల సగముంటది. దాని అడుగున చుక్కంత మందు. బందూకు వెనుక సన్నటి గొట్టముంటది, దాని మీద ఈ టోపీ తొడగాలె. మీట గుంజితే ఘోడా, గదే బందూకు సుత్తె, వచ్చి దీని నెత్తి మీద కొడ్తె ఆ చుక్క అంటుకుంటది, ఆ నిప్పు లోపటికి పోయి పెద్ద మందును అంటిస్తది. అదీ సంగతి. దీని పుట్టుపూర్వం మొత్తం మా బావ నోట్లె ఉండేది. ఏడ ఇన్నడో ఏమో, నాలుగో తరగతి సదివిన మనిషి. "మొదాలు తోడేదార్ ఉండె బావమర్దీ, కాలే తాడు చేతిల పట్టుకొని తిరగాలె. వానకు తాడు ఆరిపోతే ఇంటికి పోయి అంటించుకొని వస్తనంటే పులి ఊకుంటదా?" అని పులి లెక్క మొఖం పెట్టేది. తర్వాత చక్మక్ అచ్చిందట. రాయి పోయి ఉక్కుకు తాకితే రవ్వలు లేస్తయి. గని మొదలు బయట భుస్సుమని మంట, ఆ తర్వాత లోపట పేలుడు. ఆ నడుమ సందుల పిట్ట ఎగిరిపోతుండె. విలాయతుల ఎవరో పాస్టరుకు పిట్టల వేట పిచ్చి అట. మంట సూసి పిట్టలు లేచిపోతాంటే ఆయనకు ఒకటే మంట. ప్రార్థన చేయించే మనిషి కూసోని కూసోని, దెబ్బకు అంటుకునే మందును బందూకుకు పెట్టిండట. ఆయన పట్టిన తొవ్వలనే ఈ టోపీ పుట్టింది, తర్వాత తూటా అడుగుకు పోయి కూసున్నది, ఇగ ఇప్పుడు నీ కారు స్టీరింగులకు అచ్చింది. ఘోడా పోయి కరెంటు అచ్చింది గంతే. నిజమో అబద్ధమో నాకు తెల్వదు, మా బావ చెప్పినంత చెప్తాన్న. నీ సంచి ముచ్చట ఆయనకు తెలిస్తే ఎంత సంబురపడుతుండెనో. చంపేదానికి పుట్టిన చుక్క మనిషిని బతికియ్యవట్టె గదా.

ఒక్క మాట మాత్రం రోజు చెప్తుండె. "గొట్టాన్ని కండ్లతోటి సూడొచ్చు, మందును తూకమేయొచ్చు. టోపీని ఏం జేత్తవ్? పరీక్ష చేసినవంటే అది ఖతమైపాయె. చేయనిదాన్ని ఊకె నమ్ముడే." నేనేమో రైల్వే మనిషిని, నాకు తెల్వనిది ఉంటదా! మాకు పొగమంచుల పట్టాల మీద పెట్టే డిటోనేటర్లు ఉంటుండె. చక్రం ఎక్కితే ఢామ్మంటది, డ్రైవరు బండి ఆపుతడు. అవి గూడ అసొంటియే. మా సార్లు ఏం జేత్తురంటే, డబ్బలకెల్లి ఒకటి తీసి ఇంజను కింద పెట్టి పేల్చి సూత్తురు. అది పేలిందా, డబ్బ మొత్తం మంచిదే అని రాసుకునుడు. ఈ ఇగురం మా బావకు చెప్పింది నేనే. ఒక యేడు ముసురు పట్టింది, వారం దినాలు సూర్యుడు లేడు. దుకాణం రేకు కారి టోపీల డబ్బ తడిసింది. ఆయన దాన్ని పారబోస్తనన్నడు. "ఏం పిచ్చోనివి బావా, ఎండబెట్టు, ఒక ఐదు కొట్టి సూడు, పేలితే అన్నీ పేలినట్టే, మా రైల్వేల గంతే" అన్న. ఎండల పళ్లెం పెట్టినం. ఐదు తీసినం. ఐదుకు ఐదు పేలినయి. టప్, టప్ అని, నేనైతే చప్పట్లు కొట్టిన. ఆయన మాత్రం పళ్లెం దిక్కే సూసుకుంట, "ఇవి తడవని దిక్కు ఉన్నయేమో బావమర్దీ" అన్నడు. నేను ఇనలే. మా సార్ల డబ్బలు తడిసినయి గాదు గద, ఆ ముచ్చట నాకు అప్పుడు తట్టలే.

కట్టయ్య అని పాలంపేట దిక్కు రైతు. మక్కచేనును అడివిపందులు ఆగం చేత్తాన్నయని లైసెన్సు బందూకు పెట్టుకున్నడు. ఆ డబ్బల టోపీలే కొనుక్కపోయిండు. పొద్దుగూకే యాళ్ల పంది ఎదురుపడ్డది, గురి పెట్టిండు, కొట్టిండు. టక్. గంతే. పంది ఆగుతదా, తొడ చీరేసింది. దవాఖానకు తెచ్చేలోపే పాయె. తెల్లారి మాకు ఖబరు అచ్చింది. మా బావ మంచంల జరంతోటి ఉన్నడు, "పోయి ఏమైందో సూసి రా" అని నన్ను తోలిండు. ములుగు దాక బస్సు, ఆడికెల్లి ఎడ్లబండి. నేను పోయేటప్పటికి బందూకు చేన్లనే పడి ఉన్నది, సుట్టు జనం, పోలీసులు ఇంకా రాలే. నేను బందూకుల దుకాణపోని బావమర్దిని గద, "జరగుండ్రి, మందున్నదేమో సూత్త" అని చేతిలకు తీసుకున్న. ఘోడా కిందికి పడి ఉన్నది. టోపీ దాని జాగల అదున్నది. నెత్తిన మంచిగ సొట్ట పడ్డది. దెబ్బ తాకింది, అంటుకోలే.

నేనేం చేసిన్నో తెలుసా? బొటనవేలితోటి ఆ టోపీని గీకి తీసి అంగి జేబుల ఏసుకున్న. ఎవ్వలు సూడలే. ఒగాయన అడిగిండు, "ఎందుకు పేలలే అన్నా?" నేను బందూకును అటిటు తిప్పి, పెద్ద తెలిసినోని లెక్క, "టోపీనే పెట్టలే. కల్లు తాగి మరిచిపోయినట్టున్నడు" అన్న. జర్రంతసేపట్ల ఆ మాట ఊరంత తిరిగింది. సాయంత్రం కల్లు తాగే అలవాటు ఉన్న మనిషే, అందరు నమ్మిన్లు. నేను ఇంటికచ్చి టోపీని మా బావ చేతిల పెట్టిన. భూతద్దం పెట్టుకొని సూసిండు. "ఫికరు పడకు, ఎవ్వలకు తెల్వది" అన్న. "ఆడ నువ్వేమన్న చెప్పినవా?" అని అడిగిండు. ఏం చెప్పలే అన్న.

నెల తిరగకముందే, "కట్టయ్య పెండ్లాంను కలవాలె, నువ్వు గూడ రా" అన్నడు. పోయినం. సమ్మమ్మ ఆమె పేరు. వాకిట్ల కూసోని ఉన్నది, చంకల పసిపిల్ల. మా బావ కింద కూసున్నడు, చేతులు కట్టుకొని. "అమ్మా, నేనమ్మిన టోపీ పేలలే. తప్పు నాది" అన్నడు. ఆమె తిక్కతిక్కగ సూసింది. "టోపీ ఏంది అన్నా? ఆయన పెట్టనే లేదట గద. తాగి మరిచిండట. నేను పీనుగు ముంగట కూసోని గూడ తిట్టిన, పిల్లను ఎవ్వలకిడిసి పోయినవురా తాగుబోతోడా అని." అప్పుడు మా బావ తిరిగి నన్ను సూసిండు. ఒక్కసారే. మళ్ల ఆమె దిక్కు తిరిగి, "పెట్టిండమ్మా. మతిల ఉండి, మంచిగనే పెట్టిండు. నాదే పేలలే. పోలీసులు సూత్తరని దాన్ని తీయించింది గూడ నేనే. తాగిండని ఊర్ల అనిపిచ్చింది గూడ నేనే" అన్నడు. ఆమె, "అయితే ఆయన తాగలేదా?" అన్నది. తాగలేదమ్మా అన్నడు. ఆమె లేచి వాకిట్లకెల్లి పక్కింటోళ్లను పిలిచి పిలిచి చెప్పింది, "ఇన్నరా, మా ఆయన తాగలేదట, మా ఆయన తప్పు లేదట" అని ఏడ్సుకుంట. జనం జమైన్లు. కట్టయ్య తమ్ముడు చెప్పు తీసుకొని మా బావను కొట్టిండు. నాలుగు దెబ్బలో, ఐదో. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలే. నేను పక్కనే ఉన్న. నా నోరు లేవలే బిడ్డా. వాపసు అచ్చేటప్పుడు బస్సుల మా బావ నా పక్కన కూసోలే. కండక్టరు అస్తే నేను ఇద్దరివి తీయబోయిన, "నా టికెట్ నేనే తీసుకుంట" అన్నడు. గంతే, ఆ దినానికి ఆయన నాతోటి మాట్లాడింది.

దుకాణం మూసిండు. లైసెన్సు పోయిందని మీ బాపు మీకు చెప్పి ఉంటడు, అది కాదు, ఆయనే మూసిండు. స్టవ్వులు, తాళాలు బాగుచేసుకుంట బతికిండు, బతికిన నాలుగేండ్లు. మా అక్క సచ్చేదాక ఆయననే తిట్టింది, "పీనుగు మీద అబద్ధమాడి, మల్ల ఊరి ముంగట ఇజ్జతి తీసుకొని, మమ్ముల బజార్ల ఏసిండు" అని. ఆయన పోయినంక నా ఇంట్లనే ఉండి, నా చేతి బువ్వ తినుకుంట తిట్టింది. నేను మెతుకు మెతుకుకు చెప్దామనుకున్న. చెప్పలే. సమ్మమ్మ గూడ మొన్న కరోనల పాయె. మీ బాపు ముంగట చెప్పే ధైర్యం నాకు లేదు, ఇగ చెప్దామంటే నువ్వొక్కనివే ఉన్నవ్. మీ తాత ఆ అబద్ధం ఆడలేదురా. నేనాడిన. రైల్వే పింఛను తినుకుంట ఇన్నేండ్లు నా తప్పును ఆయన పేరు మీద ఏసి బతికిన.

ఆ రెసిస్టరు సంగతి నువ్వే సూసుకో. నీకు భయమేం లేదు. రేపు ఎవడో ఆ కారును దేనికో గుద్దుతడు, సంచి లేవదు, మనిషి పోతడు. నీ షెడ్డుకు ఎవ్వడు రాడు. స్పీడుగ పోయిండు అంటరు, తాగి నడిపిండు అంటరు. ఆ మాట మొదాలు అనెటోడు నా లెక్క ఒగడు ఏడనన్న ఉంటడు. వాని పెండ్లాం గూడ నమ్ముతది.

... పొద్దు వంగింది. నన్ను జర ఇంటికాడ దింపి రా. ఆ కారుల వద్దు. నీ బండి తియ్యి.