నడుమ పడ్డ షటిల్

మిర్యాంగ్‌లో బాయిలర్లు చేసే ఒక కంపెనీకి ఆడపిల్లల బ్యాడ్మింటన్ జట్టు ఉంది. ఇది దాని హాస్టల్లో కోచ్ గది. కోచ్ ఇంటిపేరు మా, కాబట్టి ఇష్టమున్నా లేకున్నా అందరికీ ఆయన ‘మా కోచ్’. ఎదురుగా ఇరవయ్యేళ్ల హేదమ్. నిన్న డబుల్స్ ఫైనల్ గెలిచింది. పొద్దున్నే క్షమాపణ రాయమని కూర్చోబెట్టారు.

"మూడు పేజీలు రాయమన్నాను. ఇదేంటి, ఒక్క ముక్క?"

"ముక్క కాదు కోచ్‌గారూ, వాక్యం. చదవండి."

"‘నడుమ పడబోయిన షటిల్ నేనే కొట్టాను, మళ్లీ వస్తే మళ్లీ కొడతాను.’ ఇది క్షమాపణా, సవాలా?"

"జరిగింది రాయమన్నారు. జరిగింది అదే. జరగబోయేదీ అదే."

"జరిగింది నేన్చెప్తా విను. ఆఖరి గేము, ఇరవై ఇరవై. షటిల్ మీ ఇద్దరి మధ్యకి వచ్చింది. మన జట్టులో నడుమ షటిల్ ఎవరిది?"

"పెద్దవాళ్లది."

"సన్‌జూ నీకంటే ఎన్నేళ్లు పెద్ద?"

"ఎనిమిది."

"అది కొట్టడానికి చెయ్యెత్తింది. నువ్వు మీదపడి లాక్కుని కొట్టావు. నీ రాకెట్ దాని వేలికి తగిలింది. ఛైర్మన్‌గారు ముందు వరసలో కూర్చుని చూశారు. ఆయన వేడెక్కినట్టు మన బాయిలర్లు వేడెక్కితే ఎప్పుడో అమ్ముడుపోయేవి."

"పాయింట్ రావడం చూళ్లేదా ఆయన? తర్వాత పాయింటూ మనదే. కప్పు పట్టుకుని ఫొటో కూడా దిగారు."

"కప్పు తెచ్చావని తప్పు కప్పేస్తానా?"

"పోయినేడాది కప్పేశారుగా. జాతీయ జట్టు ఎంపికలో ఇలాగే నడుమకొచ్చింది. సన్‌జూ అక్కదని నేను వదిలేశాను. నాదని అక్క వదిలేశారు. షటిల్ నడుమ పడింది, నా నడుము విరిగింది. అప్పుడు మీరేమన్నారు? ఓడినా పద్ధతి తప్పలేదు, బంగారంలాంటి పిల్ల అని భోజనాల దగ్గర అందరికీ చెప్పారు. బంగారం అనిపించుకోడానికి కాదు కోచ్‌గారూ, బంగారం తెచ్చుకోడానికి వచ్చాను నేను."

"నోరు బాగా లేస్తోందే."

"రెండేళ్లనుంచి లేస్తున్నది నేనేగా, అయిదింటికి. అక్కల సీసాల్లో నీళ్లు నింపేది నేను, చెమట బట్టలు ఉతికేది నేను, జోళ్లు తుడిచేది నేను. మూడో తరగతిలో రాకెట్ పట్టాను. హైస్కూల్లో దేశం మొత్తం మీద రెండుసార్లు గెలిచాను. కాలేజీ మానుకుని ఇక్కడికొచ్చింది జోడీగా ఆడదామని, జోళ్లు మోద్దామని కాదు. డబుల్స్ అంటే డబుల్ చాకిరీ అని ఎవరూ చెప్పలేదు."

"అందరం మోశాం. మా పెద్దల బ్యాగులు మోసి మోసి నా భుజం ఇలా వంగింది."

"అందుకే మీ స్మాష్ నెట్టు దాటేది కాదట."

"ఎవరు? ఎవరన్నారు ఆ మాట? సరే, వదిలెయ్. పన్నెండుకల్లా ఈ ఏడు ఎంపికకి జోడీల పేర్లు పంపాలి. మూడు పేజీలు నిండితే సన్‌జూ పక్కన నీ పేరు. లేకపోతే మొన్న చేరిన గాయంగ్ పేరు."

"గాయంగ్ అయితే నడుమది వదిలేస్తుంది."

"వదిలేస్తుంది. పద్ధతి తెలిసిన పిల్ల."

"అయితే ఆ పేరే రాయండి. నేను వచ్చే ఏడు వస్తాను. ఆ పై ఏడూ వస్తాను. మీరు రిటైరయ్యాక కూడా వస్తాను. వదిలేసి గెలవడం మాత్రం నాకు చేతకాదు."

"కనీసం సన్‌జూకి ఒక మాట..."

"వేలికి తగిలినందుకు చెప్పాను. బస్సులో రెండుసార్లు చెప్పాను. అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. కొట్టినందుకు మాత్రం చెప్పను."

"చూశావా, ఎంత బాధపడిందో. ఇదిగో, మాటల్లోనే వచ్చింది. రా సన్‌జూ, గుమ్మంలోనే నిలబడ్డావేం? వేలెలా ఉంది?"

"వాపు తగ్గింది కోచ్‌గారూ. పేర్లు పంపేశారా?"

"ఇది రాస్తేగా. చదువు, మీ చెల్లెలి కవిత్వం."

"చదివాను. ఒక తెల్లకాగితం ఇవ్వండి."

"దీనికా? మూడిచ్చాను."

"నాకు."

"నీకెందుకు? తప్పు చేసింది అది."

"అక్కా, నా కోసం మీరేం రాయక్కర్లేదు. నేను తేల్చేశాను."

"నీ కోసం కాదు హేదమ్, జరిగింది నేనూ రాయాలి. నువ్వు కాసేపు ఊరుకో. కోచ్‌గారూ, అయిదేళ్లుగా నడుమది నాదే, నాదే అన్నారు. నీకు కావాలా అని ఒక్కరూ అడగలేదు. ఇరవై ఇరవై అయిందంటే నాకు కాళ్లాడవు. పోయినేడాది నేను దేన్నీ ఎవరికీ వదల్లేదు, బిగుసుకుపోయాను."

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా? నిన్న నువ్వు చెయ్యెత్తావు. ఛైర్మన్‌గారితో సహా అందరం చూశాం."

"ఎత్తాను కోచ్‌గారూ. మొహానికి అడ్డం పెట్టుకున్నాను."