మాట మార్చేవాడు

ఆసుపత్రి మూడో అంతస్తు, ఒకే మంచం ఉన్న గది. మధ్యాహ్నం. మంచం మీద తమ్ముడు. కుర్చీలో, ముఖానికి మాస్కుతో, అక్క.

"...అందుకని ఎవరు ఫోన్ చేసి తగ్గిందా అని అడిగినా, తగ్గింది అనే చెబుతున్నాను. ఏడు కిలోలు."

"ఊఁ."

"ఊఁ ఏంటక్కా. ప్రెస్సులో వాళ్లకి చెబితే పడీపడీ నవ్వారు."

"నేనూ నవ్వాలే. మాస్కులో నీకు కనబడలేదు."

"కళ్లు నవ్వలేదు. ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఉండాల్సింది లేకపోతే నాకు తెలిసిపోతుంది."

"సర్లే, ముందు ఈ చొక్కాలు చూడు. నాలుగు కుట్టాను. ఎడం చెయ్యి భుజం దాకా విప్పేసి బొత్తాలు పెట్టాను. ఆ గొట్టం తియ్యకుండానే తొడుక్కోవచ్చు. మెడ దగ్గర కుట్టు లోపలికి మడిచాను, ఒరుసుకోదు."

"కొలతలెక్కడివి?"

"పాతవే. వదులైతే ఇక్కడే కూర్చుని లోపలికి వేస్తాను. సూదీ దారం తెచ్చుకున్నాను."

"దారం తెచ్చావు, మంచి పని చేశావు. సూదులకి ఇక్కడ లోటేం లేదు."

"నీతో ఒక విషయం మాట్లాడాలిరా."

"ఆ సంచేంటి అంత పెద్దది?"

"నా బట్టలు. షాపు పది రోజులు మూసేసి వచ్చాను. స్కూళ్లు తెరిచే రోజులు, యూనిఫారాలు గుట్టలు పడి ఉన్నాయి. అయినా మూసేశాను. అదే చెప్పబోతున్నా."

"చెబుదువుగానిలే. డాక్టరు సంగతి విన్నావా? మొన్నామధ్య అడిగాను ఆయన్ని, నాకు నయమవుతుందా అని. పాపం నీళ్లు నమిలాడు. నేనే అందించాను, పక్క గది ఆయన కంటే నయం అనండి, చాలు అని. గట్టిగా నవ్వేశాడు. మర్నాడు పొద్దున్నకి పక్క గది ఖాళీ."

"ఎందుకురా ఇలాంటివి."

"ఇప్పుడు ఎవరికంటే నయం అనాలో ఆయనకీ తెలియట్లేదు."

"ఆపు."

"గుండె ధైర్యం లేకపోయినా గుండు ధైర్యం ఉండాలక్కా మనిషికి."

"ఆపమన్నానా. నీ మేనకోడలు అడుగుతోంది, మామయ్యకి అసలేమైందమ్మా అని. డిగ్రీ చదివే పిల్ల, ఏదో ఒకటి చెబితే ఊరుకోదు. నేను సరిగ్గా చెప్పలేకపోయాను."

"దానికి ఇలా చెప్పు. ఎముకల లోపల మజ్జ అని ఒకటుంటుంది. అది మా ప్రెస్సు లాంటిది. పొద్దస్తమానం రక్తాన్ని అచ్చు వేస్తూనే ఉంటుంది. మామయ్య దాంట్లో ఎక్కడో ఒక అచ్చుతప్పు పడింది. పడ్డ తప్పునే లక్షల కాపీలు వేసేసింది. మందు పెట్టి ఆ కాపీలన్నీ తగలబెట్టారు. కానీ మిషను పాతదే కదా, మళ్లీ అవే వస్తాయి. మిషను మార్చాలంటే వేరే మనిషి మజ్జ కావాలి. తోడబుట్టినవాళ్లదైతే మరీ మంచిది. అక్కడిదాకా చెప్పి ఆపెయ్యి."

"నేను చెప్పాల్సింది అక్కడే ఉందిరా."

"ఎవరో తలుపు కొడుతున్నారు."

"నర్సు. లేచి కూర్చుందువుగాని, చెయ్యి ఇవ్వు."

"ప్రూఫ్ సారూ, జ్వరం చూస్తాను. నోరు తెరవండి."

"తెరిస్తే మూయనని అందరూ అంటారు సిస్టర్."

"ఇవాళ రెండోది. మా స్టాఫ్ రూములో ఒక పుస్తకమే పెట్టామండీ, సారు మాటలు రాసుకోవడానికి. మీరు సారుకి ఏమవుతారు?"

"అక్కని."

"ఓ. మీరేనా."

"ఏం?"

"ఏం లేదండీ. నూట ఒకటి ఉంది సారూ. సాయంత్రం మళ్లీ చూస్తాను. మేడం, మాస్కు ముక్కు మీదికి లాక్కోండి."

"మీరేనా అందేంట్రా ఆ అమ్మాయి?"

"నీ గురించి చెబుతుంటాను కదా, అందుకని. వెళ్లిపోయిందిలే. చొక్కా బాగుంది, ఏం గుడ్డ ఇది?"

"నా రక్తం నీకు సరిపోయింది."

"ఆ కర్టెన్ కొంచెం ఇటు లాగక్కా. ఎండ కళ్లలో పడుతోంది."

"లాగుతాను. విన్నావా, లేదా?"

"విన్నాను."

"ఐదు నెలల క్రితం పరీక్ష చేశారు కదా. సరిపోలేదని నీకు చెప్పాను. అబద్ధం. మొత్తానికి మొత్తం కలిసింది. వీళ్లే ఫోన్ చేసి చెప్పారు, ఇంత బాగా కలవడం అదృష్టమని. ఎప్పుడొస్తారని అడిగితే ఆలోచించుకుని చెబుతానన్నాను. తర్వాత మూడుసార్లు చేశారు. మూడుసార్లూ అదే అన్నాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"దాతలతో మాట్లాడటానికి కింద ఒకావిడ ఉంటుంది. రెండు నెలల క్రితం కొత్తగా చేరింది. ఏదో సంతకం కోసం నా దగ్గరికి వచ్చి, మీ అక్కగారు ఇంకా ఏ సంగతీ తేల్చలేదాండీ అని అడిగింది. నా మొహం చూశాక ఆవిడకి అర్థమైంది, రోగితో అనకూడని మాట అన్నానని. ఉద్యోగం పోతుంది సార్, ఎవరితోనూ అనకండి అని బతిమాలింది. అననన్నాను."

"రెండు నెలలు."

"రెండు నెలలు."

"నాతో ఒక్క మాట అనలేదు."

"అన్నాను. రక్తం కలిసింది గానీ సంబంధం కలవలేదు అని ఒకరోజు ఫోన్లో అన్నాను."

"అది నీ స్నేహితుడి కూతురి పెళ్లి చెడిపోయిందని చెబుతూ అన్నావు."

"పెళ్లీడు కూతురున్న స్నేహితుడు నాకెవడున్నాడక్కా?"

"నేను నవ్వాను."

"బాగా నవ్వావు."

"మీ బావ ఒప్పుకోలేదురా. ఆపరేషనంటే..."

"బావ మీదికి నెట్టకు. పోయిన నెల ఇదే కుర్చీలో కూర్చుని, మీ అక్కది సరిపోయి ఉంటే ఎంత బాగుండేదిరా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయనకి నువ్వు చెప్పనేలేదు."

"చెప్పలేదు."

"భయమేసిందా?"

"లేదు. భయమేసి ఉంటే నీ దగ్గర ఈపాటికి ఏడ్చి చెప్పుకుని ఉండేదాన్ని."

"మరి?"

"సంతోషమేసింది."

"సంతోషమా?"

"అలా చూడకు. నిజం చెబుతున్నాను, విను. ఆ ఫోనొచ్చినప్పుడు చొక్కాకి కాజాలు కుడుతున్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ కాజా మొదలుపెట్టాను. కుడుతూ కుడుతూ అనుకున్నాను, వీడికి కావాల్సింది ఒకటి నా దగ్గర ఉందన్నమాట, ఇన్నాళ్లకి, అని. నువ్వు వచ్చి అడుగుతావు. మాటలతో ఆడుకోకుండా అడుగుతావు. అది చూడాలనిపించింది."

"అమ్మ సంగతి మనసులో పెట్టుకున్నావు."

"పెట్టుకోక? పద్నాలుగు నెలలు మా రెండు గదుల ఇంట్లో మంచంలో ఉంది. నువ్వొచ్చింది రెండుసార్లు. రెండోసారి వచ్చేసరికి ఆవిడ లేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడివి. స్పీకర్లో పెట్టి ఫోను దిండు మీద ఉంచి, నేను కింద దుప్పటి మార్చేదాన్ని. నీ మాటలకి ఆవిడ సగం మూతితో నవ్వేది. ఆ నవ్వుకి మళ్లీ తడిపేసేది. మళ్లీ మార్చేదాన్ని. నువ్వు అవతల ఇంకోటి అందుకునేవాడివి."

"నాకు తెలియదు."

"నీకు నవ్వే వినబడేది. ఒకరోజు నీకే ఫోన్ చేసి ఏడ్చాను, గుర్తుందా? నేను ముద్ద పెడితే ఉమ్మేస్తోంది, లేచిన దగ్గర్నుంచీ నీ జపమే చేస్తోంది, అమ్మకొచ్చింది పక్షవాతం కాదురా, పక్షపాతం అన్నాను. కడుపు మండి అన్న మాట అది. ఆ ఆదివారం అదే మాట నువ్వు అమ్మకి చెప్పావు, నీ సొంతంలాగా. పొలమారేదాకా నవ్వింది. ఎన్నాళ్ల తర్వాతో నా వైపు తిరిగి మంచిగా ఒక మాటంది. ఏమందో తెలుసా? మా వాడి నోట్లో సరస్వతి ఉందే అంది."

"అది నువ్వన్న మాటని మర్చిపోయాను."

"అదేరా నేననేది. నువ్వు మర్చిపోయావు."

"నేను రాలేకపోయానక్కా."

"సెలవు దొరకలేదంటావు."

"దొరికింది. ఒకసారి మీ ఊరి స్టేషన్లో దిగాను కూడా. బెంచీ మీద గంట కూర్చుని తిరుగు బండెక్కాను. అమ్మ మూతి అలా పక్కకి లాగేసి ఉండటం మొదటిసారి చూశాక, ఇంక నా వల్ల కాలేదు. ఫోన్లో అయితే మూతి కనబడదు."

"నాకు కనబడేది."

"అవును."

"రోజూ తుడిచేదాన్ని ఆ మూతి."

"అవునక్కా. అడగాల్సింది అడిగేశావు, ఇంక వదిలెయ్యి."

"వదలను. ఇవాళ నువ్వు మాట మార్చడానికి వీల్లేదు. నేను నిన్ను చంపుదామనుకోలేదురా. ఒక్క వారం ఆగుదామనుకున్నాను. సరిపోలేదంట అని నీకు చెప్పి, నువ్వు ఆ వారంలో ఫోన్ చేసి, అక్కా నాకు భయంగా ఉంది అని మామూలు మనిషిలాగా ఒక్క ముక్క అంటే, అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. నువ్వు చేశావు. నా దశ తిరిగిందక్కా, వైద్యం రెండో దశలో పడింది అన్నావు. ఒళ్లు మండిపోయింది. ఇంకో వారం అనుకున్నాను. అలా నెలైంది. నెలయ్యాక చెబితే, నెల్లాళ్లూ ఎందుకు దాచావంటే ఏం చెప్పను? దాచినదాన్ని దాచడానికే ఇంకా దాచాను. రోజూ మిషను ముందు కూర్చోగానే అనుకునేదాన్ని, ఇవాళ చెబుతానని. సాయంత్రం షట్టరు దించుతూ రేపు అనుకునేదాన్ని."

"ఇవాళేమైంది మరి?"

"మళ్లీ తిరగబెట్టిందని నీ మేనకోడలు మొన్న చెప్పింది. దానికి మీ బావ చెప్పాడట. నా దగ్గర అనొద్దన్నాడట, అమ్మ తట్టుకోలేదని. నేను తట్టుకోలేనని వాళ్లు నా దగ్గర దాచారు చూడు. అప్పుడు లేచి ఇంట్లో ఇద్దరికీ మొత్తం చెప్పేశాను. మీ బావ నాతో మాట్లాడలేదు. పిల్ల నా బట్టలు సంచిలో సర్ది చేతికిచ్చింది, అంతే."

"మంచి పిల్ల."

"మంచి పిల్లే. ఇదిగో, నేను కిందికి వెళ్తున్నాను. ఆవిడ ఎవరో చెప్పావే, ఆవిడ దగ్గరికి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఇవాళ తీసుకుంటే ఇవాళే ఇస్తాను. నువ్వు నన్ను క్షమించక్కర్లేదు. మాట్లాడక్కర్లేదు కూడా. తీసుకో, చాలు."

"కూర్చో అక్కా."

"నాలుగింటికి వెళ్లిపోతుందేమోరా ఆవిడ."

"కూర్చో. సంచి కింద పెట్టు."

"పెట్టాను. చెప్పు."

"నిన్న ముగ్గురు డాక్టర్లు వచ్చారు. ఊపిరితిత్తుల్లోకి ఏదో బూజు లాంటిది చేరిందట. ఈ జ్వరం దానిదే. మళ్లీ వచ్చిన జబ్బు ఇంకోపక్క. ఇప్పుడు ఎవరి మజ్జ ఎక్కించినా ఒళ్లు తట్టుకోదని, ఆ ఆలోచన మానేస్తున్నామని చెప్పారు. నొప్పి లేకుండా చూసుకుంటామన్నారు."

"ఇంకో డాక్టర్ని అడుగుదాం."

"ముగ్గురూ అదే అన్నారు."

"నిన్న."

"నిన్న, పదకొండింటికి."

"మరి నేను గంట నుంచీ ఇదంతా చెబుతుంటే ఎందుకు విన్నావురా?"

"వినాలని ఉండింది. రెండు నెలలుగా నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటున్నాను. దొరికింది."

"ఎన్ని రోజుల ముందు వచ్చి ఉంటే సరిపోయేది?"

"అవి లెక్కపెట్టకు."

"చెప్పు."

"పది."

"పది రోజులు. నాకెవరూ చెప్పలేదురా. ఒక్కరు చెప్పి ఉంటే, ఎవరో ఒకరు ఫోన్ చేసి, గడువు దాటిపోతోంది రమ్మని ఉంటే, వేసుకున్న చెప్పులతో పరిగెత్తుకుని వచ్చేదాన్ని."

"నాకు చెప్పారక్కా."

"ఏం చెప్పారు?"

"పది రోజుల క్రితం డాక్టరు తలుపేసి మంచం మీద కూర్చున్నాడు. మందు పనిచేసింది, రక్తం శుభ్రపడింది, మహా అయితే వారం ఇలా ఉంటుంది, మీ ఇంట్లో ఎవరైనా ఊగిసలాడుతూ ఉంటే ఇవాళే సూటిగా అడగండి అన్నాడు."

"అడగాలని నీకు అనిపించలేదా?"

"ఆయన అటు వెళ్లగానే నీకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తి, చెప్పరా అన్నావు. నోటిదాకా వచ్చింది. ఏదో జోకు చెప్పి పెట్టేశాను."