సరిగ్గా పడని బానెట్

ముసలి డ్రైవరు కోతలకి కొడవళ్లు చాలవంటారు గానీ, ఆ పొద్దున ఆయన గొంతులో సత్తువ లేదు. భార్య పోయి నెల దాటింది. రోజూ ఆవిడే వంటింటి కిటికీలోంచి కారు స్టార్టయ్యే రిమోట్ నొక్కేది, ఈయన టీ తాగి కిందికి దిగేసరికి బండి వేడెక్కి ఉండేది. ఇప్పుడు తాళంచెవి తిప్పితే కదులుతుంది గానీ, రిమోట్‌కి ఉలకదు పలకదు.

"బాగైందా పెద్దాయనా?" అన్నాడు టీ కొట్టాయన, రోడ్డవతల నిలబెట్టిన ఆ బండి వైపు చూసి.

"బాగవకేం, నలభై ఏళ్ల సర్వీసు నాది. ముందు రిమోట్‌లో బ్యాటరీ మార్చా. అబ్బే. బానెట్ ఎత్తి, వైర్లన్నీ పీకి, కళ్లు మూసుకుని మళ్లీ కలిపా. నొక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"స్టార్టయింది."

"నాది కాదయ్యా, ఎదురింటాయనది. అంత పవరొచ్చేసింది మరి. ఇంకోసారి నొక్కితే వీధిలో బళ్లన్నీ లేచాయి, మా గోడ మీద చచ్చిన గడియారం కూడా నడిచింది. మూడోసారికి స్టేషన్లో రైలు కదిలిపోయింది, గార్డు జెండా పట్టుకుని వెనకాల ఒకటే పరుగు."

"మరి నీ బండో?"

"అది నాలుగోసారికి లేచింది. డ్రైవరు లేకుండానే మార్కెట్‌కి పోయి, ఆవిడ రోజూ ఎక్కే చోట ఆగి, తలుపు తీసుకుని..." ఆయన గ్లాసులోకి చూశాడు. "ఎంతసేపు నిలబడిందో, పాపం."

ఎవరూ నవ్వలేదు. పక్కన కూర్చున్న బామ్మర్ది, పోయినావిడ తమ్ముడు, మెల్లిగా అడిగాడు.

"బావా, నొక్కేటప్పుడు బానెట్ ఎత్తే ఉందా?"

"ఎత్తకపోతే లోపల సంగతెలా తెలుస్తుందిరా?"

"అది ఎత్తి ఉంటే రిమోట్ పనిచెయ్యదు. ఫ్యాన్లో చేతులు పడతాయని అలా పెడతారు."

"మూసి కూడా నొక్కాన్లే."

"సగం పడినా ఎత్తినట్టే లెక్క. ఆయిలు చూసి నువ్వు మూస్తే ఏనాడు సరిగ్గా పడింది గనక? నువ్వు మూసి ఇటు తిరగ్గానే, అక్క వెనకాలొచ్చి రెండు చేతులతో అదిమేది. నీకు చెప్పొద్దనేది. నలభై ఏళ్ల సర్వీసు, చిన్నబుచ్చుకుంటాడురా అని."

పెద్దాయన లేచి రోడ్డు దాటాడు. రెండు చేతులూ ఆనించి బానెట్‌ని అదిమాడు. టక్కుమంది. మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లాడు. కాసేపటికి వంటింటి కిటికీ తెరుచుకుంది, కింద బండి గుర్రుమంది.

బండి వేడెక్కుతూనే ఉంది. ఆయన దిగి రాలేదు. బామ్మర్ది రెండు టీలు పోయించుకుని పైకి వెళ్లాడు.