నల్లపెట్ట కాలు

రొయ్యల గుంటల్లో పని ముగించుకుని వెనక వీధిలో ఉండే వరస కోడలు వచ్చేసరికి పొద్దు వాలింది. కుక్క కరిచిన కోడికి ఇరవై రోజులుగా ఆమే రోజూ వచ్చి ఆముదంలో పసుపు కలిపి పూస్తోంది. ఒంటరిగా ఉండే ముసలామె ఆ కోడిని ఒళ్లో పెట్టుకుని వాకిట్లో ఎదురుచూస్తోంది.

"పుండు మానిపోయిందత్తా. ఈ పొద్దు మిగతావాటితో కలిపేద్దాం."

"అప్పుడేనా? అవి దీన్ని పొడిచి చంపుతాయే!"

"పగలు వదిల్తే పొడుస్తాయి. చీకటి పడేటప్పుడు అన్నిట్నీ ఒకే గంప కింద మూస్తే, తెల్లారేసరికి కలిసిపోతాయి."

"ఇన్నాళ్లూ నా మంచం కిందే పడుకునింది. నాలుగు రోజులు ఉండనీ. కాలింకా ఈడుస్తా ఉండాది."

"ఏదీ, దించు."

నేల తగలగానే కోడి వాకిట్లో చల్లిన నూకల మీదికి పరుగెత్తింది.

"చూసినావా? శుభ్రంగా ఉండాది."

"అయితే రేపట్నించి మందు పూసే పని లేదు."

"లేదత్తా."

"నువ్వు గూడా పనయినాక నేరుగా ఇంటికే పోవచ్చు."

కోడలు గంపను ఓ పక్క ఎత్తి పట్టుకుంది. నల్లపెట్టతో సహా మిగతా మూడు కోళ్లూ టకటకా నడిచొచ్చి గంప కింద దూరాయి. నాలుగోదాన్ని ముసలామే లోపలికి తోసి మూసింది. కాసేపు గోల చేసి అవి సద్దుమణిగినా, ఆమె గంప మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఆ నల్లపెట్ట గూడా నిన్నట్నించి కుంటతా ఉండాదే. చూసినావా?"

కోడలు గంప కొంచెం ఎత్తి చూసింది. మళ్లీ మెల్లగా దించింది.

"అవునత్తా, కుంటతానే ఉండాది. రేపొచ్చేటప్పుడు పసుపు నేనే తెస్తాలే."