నలభై చప్పట్ల మాట

లైప్‌జిగ్‌లో ఆ బీరు కొట్టు మూలబల్ల ప్రతి గురువారం పాత స్నేహితులది. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి రిటైరైన కంపోజిటర్ ట్రౌగాట్‌కి వారమంతటిలో ఎవరైనా తన మాట వినేది ఆ ఒక్క సాయంత్రమే. ఇంట్లో భార్య హన్నెలోర పోయి మూడేళ్లయింది. ఆయన పొడుగు మాటొకటి అంటే, అది లైను చివర ఎక్కడెక్కడ విరగొచ్చో అక్కడల్లా వంటింట్లోంచి చప్పట్లు కొట్టేది ఆవిడే, బళ్లో పిల్లలు మాటని ముక్కలు చేస్తూ ముక్కకోసారి కొట్టినట్టు.

ఆ రోజు బల్ల దగ్గరికి ఇర్మ్‌గార్డ్ కొత్తగా వచ్చింది. ఆయన కింది వాటాలో ఈ మధ్యే దిగిన ఆవిడ. కొత్త చెవులు దొరికాయి కదా, ట్రౌగాట్ అందుకున్నాడు.

"ఆవిరి ఓడల సంఘం కెప్టెన్ టోపీ గుండీ, ఇదంతా మన జర్మన్‌లో ఒక్కటే మాటాయె! లైనులో పట్టలేదు. చప్పట్లు కొట్టి చూసుకుని, కెప్టెన్ దగ్గర టక్కున విరిచా."

"అదో గొప్పా?" అన్నాడు వెంట్సెల్, ఒకప్పటి ట్రామ్ డ్రైవర్.

"ఆగవోయ్! మర్నాడు నలభై చప్పట్ల మాటొచ్చింది. పేజీ దాటింది, కిటికీ దాటింది, వీధికి అడ్డంగా పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీ ట్రామే ఆగిపోయింది! నువ్వు గంట కొడుతున్నావు, నేను సరిగ్గా మధ్యకి విరిచా, ఆ సందులోంచి పోయావు!"

"నేనా? నాకే తెలీదే!"

"నిద్రలో నడిపేవాడివి, నీకేం తెలుస్తుంది? ఇంకో మాటకైతే తల ఇక్కడ, తోక అల్లంత దూరాన డ్రెస్డెన్‌లో! దారిపొడుగునా జనం చప్పట్లు కొడుతుంటే విరుచుకుంటూ పోయా. ఇప్పటికీ అంతే. రోజూ ఆరింటికి కిటికీ దగ్గర గట్టిగా ఒక మాటంటానా, ఊరు ఊరంతా కింద నుంచి ధబ్ ధబ్‌మని చప్పట్లు!"

ఇర్మ్‌గార్డ్ గ్లాసు కింద పెట్టింది.

"అవి చప్పట్లు కావండీ. చీపురుకర్ర. మీ అరుపులు పడలేక, ఊరుకోండని నేనే రోజూ కప్పు మీద పొడుస్తున్నా."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. వెంట్సెల్ కళ్లు తుడుచుకున్నాడు. ట్రౌగాట్ నవ్వలేదు. తన గ్లాసులో నురగ అణిగేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆ చప్పుడు కోసమే ఆరెప్పుడవుతుందా అని ఎదురుచూసేవాడు.

నవ్వులు సద్దుమణిగాక, ఆవిడకి మాత్రమే వినపడేలా అడిగాడు.

"రేపు కూడా కొడతారా అమ్మా?"