హ్యాండిల్ బిగించని ట్రామ్

ఆ కుర్చీలో కూర్చోకండి వెనాన్సియో అన్నయ్యా, దాని మీద వార్నిష్ వేసిన ముక్కలు ఆరబెట్టాడు మీ స్నేహితుడు. అయ్యో, ఆ స్టూలు మీదా వద్దు, కిటికీ చట్రాలున్నాయి. ఇలా పొయ్యి పక్కన నిలబడండి. నేనూ ఇలా నిలబడే తింటున్నా ఎన్నాళ్లుగానో. భోజనాల బల్ల ఎప్పుడో ఈయన బొమ్మ ట్రామ్‌కి షెడ్డయిపోయింది కదా!

కాస్త నెమ్మదిగా. గోడ పల్చన. ఆ గరగర వినపడుతోందా? ఉప్పు కాగితం పెట్టి రుద్దుతున్నాడు. అది వినపడుతున్నంతసేపూ నాకు ఫర్వాలేదు. ఆగిందంటేనే భయం. పరుగెత్తుకెళ్లి చూస్తా, తల వాల్చేశాడేమోనని. ఏముంటుంది? నోట్లో బ్రష్షు కరుచుకుని, భూతద్దం కింద ఓ మేకు తల వంక చూస్తుంటాడు మా ఆయన ఫిర్మీనో.

ఆ ట్రామ్‌ని చూశారుగా, ఎంత పొడుగు చేశాడో? పసిబిడ్డ శవపెట్టంత ఉంది. నా మాట కాదండీ! పైవాటాలో ఒతీలియా అంది. తలుపు తీసి ఉంటే తొంగిచూసి, శిలువ గీసుకుని, "పాపం, ఎవరి బిడ్డమ్మా?" అని అడిగింది. నవ్వేశాను. నవ్వక ఏం చేయను? ఆవిడ వెళ్లాక తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ నిలబడ్డా.

బొమ్మని బొమ్మలా చేస్తే ఏం పోయింది చెప్పండి? పసుపు రంగేసి, తెల్ల గీత గీసి, చక్రాలు తగిలిస్తే చాలదూ? ఊహూఁ! కొత్తగా మెరవకూడదట. గ్రాసా గుట్ట మీదకి తను నడిపిన బండి ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉండాలట. జనం ఎక్కే మెట్టు ఒక పక్కే అరిగి ఉండేదని ఆకురాయి పట్టుకుని రోజంతా అరగదీశాడు. పట్టాల మీదకి ఇసుక జారే గొట్టం మొదట్లో తుప్పు కోసం నా కాఫీ మడ్డి పులిమాడు. నిలబడ్డవాళ్లు పట్టుకునే తోలు పట్టీలకి ఏం కోశాడో తెలుసా? నా పెళ్లినాటి చేతితొడుగులు! "ఎలాగూ నీ చేతులకి పట్టవు కదే లుదొవీనా" అన్నాడు, సిగ్గు లేకుండా.

నిజం చెప్పొద్దూ, బాగుందండీ. ఒళ్లుమంట కూడా అందుకే. సీట్ల వీపులు అటూ ఇటూ తిరుగుతాయి, బండి ఎటు పోతే జనం అటు మొహం పెట్టి కూర్చోవాలి కదా. నా వేలితో తిప్పి చూశాను. టక్కుమంది, అప్పట్లాగే. ఏడుపొచ్చింది.

మొన్న గంట కూడా పెట్టాడు. నేనిక్కడ ఉప్పుచేప నానబెడుతున్నా. టింగ్, టింగ్. రెండు కొట్టాడు. ఒకటి కొడితే ఆపమని, రెండు కొడితే పోనిమ్మని. ట్రామ్ నడిపినవాడి పెళ్లాన్ని, నాకు తెలియకపోవడమేమిటి? గిన్నె జారిపోయింది చేతిలోంచి. నేలంతా నీళ్లు. "ఏమైందే?" అని అక్కణ్ణుంచే అరిచాడు. ఏం లేదన్నాను.

మీకైనా భయం లేదా అన్నయ్యా? మీరంతా ఆయనతో ట్రామ్ షెడ్డులో పనిచేసినవాళ్లే. మీ పట్టింపు నేను చెప్పాలా? డ్రైవరు దిగేటప్పుడు బండి నడిపే హ్యాండిల్ పీకి తనతో తీసుకుని దిగుతాడు. హ్యాండిల్ లేని బండి ఎక్కడికీ పోదు, ఎవర్నీ తీసుకుపోదు. అందుకే కదా రిటైరైనవాళ్లెవరైనా ఇంట్లో కూచుని బొమ్మ ట్రామ్ చేసుకున్నా, అన్నీ బిగిస్తారు, హ్యాండిల్ మాత్రం బిగించరు!

మీతో పనిచేసిన అమాందియో బిగించాడు. ఆ ఆదివారమే, ఫుట్‌బాల్ చూస్తూ చూస్తూ కుర్చీలోనే... మీ ఇంకో స్నేహితుడు ఎవరిస్తో అయితే పగలబడి నవ్వాడు, అదంతా ఆడంగుల భయమని; తనూ బిగించాడు. జూన్ పండక్కి వీధంతా చేపలు కాలుస్తుంటే వాళ్లావిడ మొగుడు పోయి నల్లబట్టలేసుకుని తలుపేసుకుంది. తల ఊపకండి అలా. ముసలాళ్లు పోక ఉంటారా అంటారు, అంతేగా? మరి మీ అలమరలో ఉన్న బండికి మీరెందుకు బిగించుకోలేదో చెప్పండి. ఆఁ?

ఆ కోటు జేబులో ఏముందో నాకు తెలుసు. వచ్చినప్పట్నుంచీ చెయ్యి బయటకి తీయలేదు మీరు. ఇత్తడిదేనా? మీ లేతు మిషను మీదే చేశారా? ఆయన చేతులు నిలకడగా ఉంటే మిమ్మల్ని అడిగేవాడే కాదు. "హ్యాండిల్ లేకపోతే అది బండెలా అవుతుందే, వట్టి పెట్టె" అంటాడు. ఇవ్వొద్దని కాళ్లావేళ్లా పడదామనే మిమ్మల్ని ముందు వంటింట్లోకి లాక్కొచ్చాను.

ఇదిగో, ఈ డబ్బా మూత తీయండి. బిస్కట్లు కావులెండి. బండి ముందుండే దీపం. కిటికీ గొళ్లేలు. చేతిబ్రేకు చక్రాలైతే ఎన్నో. అవును, నేనే. ఆయన కాఫీ తాగడానికి కిందకి దిగాడంటే చాలు, ఒకటి పీకేదాన్ని. వచ్చి వెతుక్కునేవాడు. బల్ల కింద దూరి, దగ్గి, ఆయాసపడి, "బుర్ర పాడైపోయిందే నాకు" అని తనని తనే తిట్టుకునేవాడు. మళ్లీ కూర్చుని చేసేవాడు. అయిపోవచ్చిందనగా ఇంకోటి పీకేదాన్ని.

పిచ్చిదాన్నా? అనండి, పడతాను. బండి పూర్తికాకపోతే మనిషి మిగులుతాడనుకున్నా. మిగిలాడు కూడా! అమాందియో పోయాడు, ఎవరిస్తో పోయాడు, నా మొగుడు మాత్రం బల్ల కింద దీపం వెతుక్కుంటున్నాడు. గెలుస్తున్నానే అనుకున్నానండీ నేను.

నిన్న డాక్టరమ్మ నన్నొక్కదాన్నీ లోపలికి పిలిచింది. గుండెలో ఆ వాల్వు సంగతే. "ఇప్పుడు ఆపరేషన్ చేయలేమమ్మా, ఆయన తట్టుకోలేడు. చాలా ఆలస్యం చేశారు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆపరేషన్ అక్కర్లేదని మీరే అన్నారట కదా, మా ఆయన ఇంటికొచ్చి అదే చెప్పాడు" అని ఆవిడ మీద అరిచాను. ఆవిడ నా వంక ఎలా చూసిందనుకున్నారు! "అక్కర్లేదని ఎవరన్నారు? ఆపరేషన్‌కి పిలిచినప్పుడల్లా ఒకటే మాట ఆయనది. ట్రామ్ పూర్తికాగానే వచ్చి పడుకుంటా డాక్టర్, సగంలో వదిలేసి రాలేను, ఏవో ముక్కలు పోతున్నాయి, ఇంకొక్క నెల ఆగండి అని" అంది.

ఏవో ముక్కలు పోతున్నాయట.

మీకు తెలుసా ఈ సంగతి? తెలుసు. నేల చూపులు చూస్తుంటేనే తెలుస్తోంది. నాకు చెప్పొద్దన్నాడా? భయపడతాననా? ఓరి దేవుడా! ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నా చెవిన వేసుంటే, ఈ డబ్బా అంతా ఆ బల్ల మీద కుమ్మరించి, దగ్గరుండి పూర్తి చేయించి, మెడ పట్టుకుని ఆసుపత్రికి తోసుకెళ్లేదాన్ని కదండీ!

అరవట్లేదు. అరవట్లేదు లెండి.

...ఆగింది. విన్నారా? ఉండండి, కదలకండి.

హమ్మయ్య. దగ్గు. మళ్లీ రుద్దుతున్నాడు.

ఆయనకింకా తెలియదు. డాక్టరమ్మ ఏమందని అడిగితే అంతా బాగుందన్నాను. హ్యాండిల్ వచ్చేస్తే సోమవారమే ఆసుపత్రికి వెళ్లిపోదామంటున్నాడు. పైజమా, గడ్డం గీసుకునే సామాను, అన్నీ సంచీలో సర్దేసుకున్నాడు. నడవాలో పెట్టుకున్నాడు. వస్తూ కాలికి తగిలుంటుంది మీకు.

వెళ్లండి. ఇవ్వొద్దని ఇంకేం అడ్డం పడను? ఇచ్చేయండి. కాస్త నవ్వు మొహంతో వెళ్లండి, బాగుందని చెప్పండి, మెట్టు అరగదీసింది చూపిస్తే చూడండి, దానికే మురిసిపోతాడు.

ముక్కలు పీకింది నేనేనని చెప్తారా? చెప్తే చెప్పండి. ఏం చేస్తాడు, దారి మధ్యలో దించేస్తాడా నన్ను? దిగిపోతున్నది ఆయనండీ. దించేసింది నేను.